పెదాలు ముందు, మాట వెనక

నోయిడాలో, ఇందిరాపురంలో కొడుకుల దగ్గరికొచ్చిన తెలుగు తల్లులకు పగలంతా తమ భాషలో కబుర్లు చెప్పేది టీవీ ఒక్కటే. వినికిడి తగ్గిన కొద్దీ వాల్యూమ్ పెరుగుతుంది. పక్క గదిలో బోర్డు పరీక్షల మనవడు విసురుగా తలుపేసుకుంటాడు. ఈ తగవుకు కొడుకులు కనిపెట్టిన విరుగుడు వైర్‌లెస్ హెడ్‌ఫోన్.

కలపడం కష్టమేమీ కాదు. హెడ్‌ఫోన్‌ను పెయిరింగ్‌లో పెట్టి, స్మార్ట్ టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లోని బ్లూటూత్ జాబితాలో దాని పేరు ఎంచుకుంటే సరి. బ్లూటూత్ లేని పాత టీవీకి హెడ్‌ఫోన్ జాక్‌లోనో ఆప్టికల్ పోర్టులోనో చిన్న ట్రాన్స్‌మిటర్ తగిలించాలి. ఆప్టికల్ అయితే టీవీ ఆడియోను పీసీఎంకు మార్చాలి; లేదంటే చాలా ట్రాన్స్‌మిటర్లు నోరు విప్పవు.

హెడ్‌ఫోన్ కలవగానే చాలా టీవీల స్పీకర్లు మూగబోతాయి. సీరియల్ చూస్తూ అత్తగారు ఎందుకు నవ్విందో పక్కనున్న కోడలికి తెలియదు. రెండూ ఒకేసారి మోగే ఏర్పాటు కొన్ని మోడళ్లకే ఉంది.

అంతకన్నా పెద్ద చిక్కు ఆలస్యం. బ్లూటూత్ శబ్దాన్ని కుదించి పంపుతుంది, అవతల మళ్లీ విప్పుతుంది. మామూలు ఎస్‌బీసీ పద్ధతిలో ఇందుకు సెకనులో అయిదో వంతు దాకా పట్టొచ్చు. కుర్రాళ్లకు అది చిరాకు, అంతే. చెవి మందగించినవారు మాత్రం పెదాలు చూసే చాలా మాటలు పోల్చుకుంటారు. ఆప్టెక్స్ లో లేటెన్సీతో ఆలస్యం 40 మిల్లీసెకన్లకు దిగుతుంది, పంపేదానిలోనూ వినేదానిలోనూ అది ఉంటేనే. ఛార్జింగ్ స్టాండే ట్రాన్స్‌మిటర్‌గా పనిచేసే రేడియో హెడ్‌ఫోన్లలో ఈ బెడద దాదాపు ఉండదు. అవి ఫోన్‌కు పనికిరావు. అమ్మకు ఫోన్‌తో పని లేదు కదా. దుకాణదారు పాట వేసి వినిపిస్తే సరిపోదు, వార్తలు పెట్టించి చూడాలి.