దశముడు ఎవరు?

పద్దెనిమిది సంవత్సరాలు విదేశంలో తత్త్వశాస్త్రం బోధించిన ఒక ఆచార్యుడు, వృద్ధురాలైన తల్లి కోసం గోదావరీతీరానికి మరలివచ్చి, సమీప విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడి విద్యార్థులు పేరు పెట్టి పిలిచి వాదించేవారు. ఇక్కడివారు లేచి నమస్కరించి మౌనం వహించేవారు. అక్కడ కోరిన గ్రంథం మరునాటికే చేతికి అందేది. ఇక్కడ ఒక్క సంతకానికై దస్త్రం మాసాల తరబడి నిలిచిపోయేది. ఆయన "మా దేశంలో" అని ఆరంభిస్తే, అది ఏ దేశమో సహోద్యోగులకు బోధపడేది కాదు. ప్రతిరాత్రి లోపాలను లెక్కించుకొనేవాడు. మళ్ళీ రమ్మని వచ్చిన లేఖను తల్లికి తెలియకుండా దాచాడు.

ఒకనాడు విద్యారణ్యుల పంచదశిలో ఏడవదైన తృప్తిదీప ప్రకరణం బోధిస్తున్నాడు. నది దాటిన పదిమందిలో ప్రతివాడూ తన్ను మరచి తొమ్మండుగురినే లెక్కించి, దశముడు మరణించాడని విలపిస్తాడు. "దశముడవు నీవే" అని ఆప్తుడొకడు చెప్పాకగాని శోకం తీరదు.

ఎన్నడూ నోరు విప్పని విద్యార్థిని ఒకతె లేచి, "ఆ మాట విన్నాక నదిలో ప్రవాహం తగ్గిందా, గురువుగారూ?" అని అడిగింది.

ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "లేదమ్మా. ఏడుపు మాత్రమే ఆగింది" అన్నాడు.

ఆ రాత్రి మరల లెక్కించాడు. లోపాలన్నీ యథార్థమే. లెక్కకు రానిది ఒక్కటే: పూర్వపు గౌరవాన్ని వెంటబెట్టుకొని వచ్చి, ప్రతిచోటా దానినే వెదకుతున్న 'నేను'.

ఉదయం ఆ లేఖను తల్లికి చదివి వినిపించాడు. పిదప దస్త్రం కోసం కార్యాలయానికి వెళ్ళాడు. అది కదలలేదు. ఆయన బల్లపై కూర్చొని, నాటి పాఠం తెరిచాడు.