శంషాబాద్ టు వైజాగ్... గంటంపావేనా?

టికెట్ యాప్‌లో శంషాబాద్ నుంచి వైజాగ్‌కి కొట్టి చూడండి. గంటా పదిహేను నిమిషాలు, కాస్త అటూ ఇటూగా చూపిస్తుంది. మ్యాప్ మీద సూటిగా గీత గీస్తే ఈ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం సుమారు 510 కిలోమీటర్లు. జెట్ విమానం పైకెళ్లాక గంటకు 800 కి.మీ. వేగం అందుకుంటుంది కదా, ఆ లెక్కన నలభై నిమిషాల్లో దించేయాలి. మరి మిగతా టైమంతా ఏమైనట్టు?

యాప్ లెక్క విమానం ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా. రన్‌వే వరకు మెల్లగా నడవాలి, ముందున్న విమానం లేచేదాకా ఆగాలి. పైకి ఎక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ పూర్తి వేగం ఉండదు. ఇంత చిన్న రూటులో ఆ వేగంతో పోయేది కాసేపే. పైగాలులు కూడా ఓ చెయ్యేస్తాయి. చలికాలంలో పడమటి గాలి వైజాగ్ వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వానాకాలంలో తూర్పుగాలి ఎదురొస్తుంది. తేడా మహా అయితే కొన్ని నిమిషాలు.

రైలుకి ఇదే ప్రయాణం దాదాపు 700 కి.మీ. విజయవాడ దాకా దిగి, రాజమండ్రి మీదుగా మళ్లీ పైకి వెళ్లాలి మరి. విమానం గీత మాత్రం కొత్తగూడెం పక్క నుంచి పోయి, పాపికొండల దగ్గర్లో గోదావరిని దాటుతుంది. మబ్బు లేని రోజైతే కిటికీ సీటుకి పెట్టిన డబ్బులు అక్కడే వచ్చేస్తాయి.

ఇక ఇంటి నుంచి ఇంటికి లెక్కేద్దాం. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కి గంటన్నర. చెకిన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి ఇంకో గంటన్నర అక్కడే. విమానం గంటంపావు. బ్యాగు వచ్చి, క్యాబ్ దొరికి, ఎంవీపీ కాలనీ చేరేసరికి మరో గంటంపావు. మొత్తం ఐదున్నర గంటలు! సికింద్రాబాద్ నుంచి వందే భారత్‌కి రైల్లోనే ఎనిమిదిన్నర గంటలు, స్టేషన్ రాకపోకలు అదనం. కాబట్టి వైజాగ్‌కి విమానమే గెలుస్తుంది. విజయవాడకైతే అలా కాదు. గన్నవరం ఆకాశంలో 265 కి.మీ. దూరమే గానీ, ఇదే లెక్కేస్తే ఇంచుమించు కారుతో సమానం. డబ్బులు మిగుల్చుకోండి.

అసలు నేల మీద దూరం పెరిగితే ఎలా ఉంటుందో హైదరాబాద్‌కి 2008లోనే తెలిసింది. ఊరి నడిబొడ్డున ఉన్న బేగంపేట నుంచి ఆ మార్చిలో విమానాలు శంషాబాద్‌కి మారాయి. మెహదీపట్నం దగ్గర మొదలయ్యే 11.6 కి.మీ. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మరుసటి ఏడాది గానీ రాలేదు. ఎయిర్‌పోర్టు పుష్పక్ బస్సుల్లో తిరిగేవాళ్లకి ఆ దూరం ఇప్పటికీ బాగా తెలుసు.

ఇప్పుడు వైజాగ్ వంతు. నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగలో ఉన్న పాత ఎయిర్‌పోర్టు ఎన్‌ఏడీ జంక్షన్ పక్కనే. కొత్తది విజయనగరం జిల్లా భోగాపురంలో. విమానాలు అటు మారాయంటే యాప్‌లో గంటంపావు గంటంపావులాగే ఉంటుంది. శ్రీకాకుళం కుర్రాడికి మాత్రం దారి దాదాపు సగానికి తగ్గుతుంది, ఇది చిన్న లాభం కాదు. ఇప్పుడు ఆటోలో వెళ్లిపోయే గాజువాక అమ్మాయికేమో 50 కి.మీ. పైనే. రాత్రి పదకొండింటికి దిగితే ఆమెకు సిటీ బస్సు ఉంటుందా, క్యాబ్ వాడు ఎంత అడుగుతాడు? నేనైతే విమానం చార్జీ కంటే ముందు అదే చూస్తాను.