కంచెకు ఏ ప్రక్కన?

2015వ సంవత్సరమున వెలువడిన ‘కంచె’ యను చలనచిత్రమునకు జాగర్లమూడి రాధాకృష్ణగారు దర్శకులు. రెండవ ప్రపంచ సంగ్రామమున ఆంగ్లేయుల పక్షమున ఐరోపాలో పోరాడిన తెలుగు సైనికుని కథ యిది. అతని యూరిలో కులముపేర కంచె నాటిరి. వలచిన సీత దక్కకపోయెను. అట్టివాడు, యూదురక్తము గలదను నెపమున జర్మను సైనికులు చంపజూచిన పసికందును ప్రాణమొడ్డి కాపాడును. ఆ బిడ్డ కులమేది, భాషయేది యని యడుగడు. యుద్ధదృశ్యములకంటె నీ యడుగకపోవుటయే నాకు మిన్నగా దోచినది. పాటలు కొన్ని తగ్గియుండిన బాగుండెడిది గాని, యది వేరుమాట.

కలకడలో నా విద్యార్థులకు ఈ కథ చెప్పగా నొక బాలిక, “అయ్యవారూ, ఆ పాపను వాళ్ల యూరికి తెచ్చివుంటే కంచెకు ఏ పక్కన పెంచేవారు?” అని యడిగినది. తరగతిలో నెవ్వరును బదులు పలుకలేదు.