సికింద్రాబాదు నుండి చికాగోకు

సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాలలో 1893 ఫిబ్రవరి 13వ తేదీన స్వామి వివేకానందుడు ఉపన్యసించెను. పశ్చిమ దేశములకు తానేల పోదలచెనో ఆ సభలో వివరించెను. మే 31న బొంబాయిలో ఓడ యెక్కి, సింగపూరు, హాంకాంగు, జపానుల మీదుగా జూలై 25న కెనడాలోని వాంకూవరు రేవున దిగి, అచటి నుండి రైలులో చికాగో చేరెను. ప్రయాణమునకు రమారమి రెండు నెలలు పట్టెను.

ఆ కళాశాలకు అంత దూరము కాని మారేడుపల్లిలో, రైల్వే ఉద్యోగము చేసి విరమించిన వృద్ధుడొకడు కలడు. ఆయన కుమార్తె కాపురము చికాగోలోనే. ఒక జనవరి మాసమున ఆయన భార్యకు గుండెజబ్బు ముదిరి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చెను. గురువారము ఉదయము 8 గంటలకు శస్త్రచికిత్స యని వైద్యులు నిశ్చయించిరి. "మంగళవారము సాయంకాలము 6 గంటలకు విమానమెక్కుదును నాన్నగారూ" అని కుమార్తె ఫోనులో చెప్పెను. "దాని ముఖము చూచిన పిమ్మటనే నన్ను లోనికి తీసికొనిపొండు" అని తల్లి కోరెను.

వృద్ధుడు అట్లాసు తెరచి, అట్లాంటిక్ మీదుగా స్కేలు పెట్టి కొలిచెను. సుమారు 16,000 కిలోమీటర్లు తేలినది. గంటకు 900 చొప్పున పదునెనిమిది గంటలు. బుధవారము మధ్యాహ్నమునకు శంషాబాదు పోయి, చీకటి పడువరకు నిలిచి, ఒంటరిగా మరలి వచ్చెను. ఫోను పలుకలేదు. ఆయన ముఖమున కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలు సంగతి విని, "తాతగారూ, అత్తయ్య చెప్పిన సాయంకాలము అచటిది. చలికాలమున చికాగో గడియారము మనకంటె పదకొండున్నర గంటలు వెనుక. ఆమె యెక్కునప్పటికి మనకు బుధవారము తెల్లవారి 5.30" అనెను. రైల్వేలో యావద్దేశమునకు ఒకటే గడియారము. నలువది యేండ్లు దానితో బ్రతికినవానికి ఆ మాట తోచకపోవుట వింత కాదు.

ఆమె గ్లోబు తెచ్చి రెండు నగరముల నడుమ దారము బిగించెను. దారము అట్లాంటిక్ వైపు పోక, ఉత్తరముగా సాగి ఆర్కిటిక్ వలయమును దాటి మరల క్రిందికి దిగెను. గుండ్రని భూమిపై దగ్గరి దారి అదియే. దూరము 13,300 కిలోమీటర్లు మాత్రమే. అట్లాసు పుటపై తిన్నగా కనబడు గీత నిజమునకు చుట్టుదారి. హైదరాబాదు నుండి చికాగోకు ఆగకుండ పోవు విమానమును ఎయిర్ ఇండియా 2021 జనవరి 15న నడిపెను. పదునారు గంటలకు పైబడిన ప్రయాణము. ఆ సర్వీసు చిరకాలము నిలువలేదు. కుమార్తె దోహాలో విమానము మారవలెను గనుక దూరము 14,400 కిలోమీటర్లగును.

వృద్ధుడు కాగితముపై మరల లెక్క వేసెను. చికాగో నుండి దోహాకు పదమూడున్నర గంటలు, అచట మూడున్నర గంటల నిరీక్షణము, పిదప నాలుగు గంటలు. రాత్రి 2.30కు శంషాబాదు! అచటి నుండి సికింద్రాబాదునకు మరియొక గంట. 2008 మార్చి వరకు విమానములు బేగంపేటలోనే దిగెడివి. ఇంటికి కూతవేటు దూరము. ఆ రాత్రి ఆయనకు ఆ సంగతి పలుమారులు జ్ఞప్తికి వచ్చెను.

నాలుగున్నరకు ఆసుపత్రి వాకిట టాక్సీ ఆగినది. తల్లి కన్నులు తెరచి, "ఇంత చిక్కిపోతివేమే?" అనెను.