మూర్తికి, ఉరుముల కబుర్లు

ఒరేయ్ మూర్తీ,

నవ్వకు. ఉరుము వినబడగానే అర్జునా, ఫల్గుణా అంటూ నడింట్లోకి దూరే నేనే ఇప్పుడు ఉరుముల మబ్బుల మీద పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. "విని భయపడింది చాలక చదివి కూడా భయపడాలా" అంటోంది మా ఆవిడ. డాబా కారడం ఆగింది, పెద్దాడు పరీక్ష గట్టెక్కాడు. మిగతా వార్తలన్నీ మబ్బులవే.

రెండు మబ్బులు ఢీకొంటే మెరుపు అనే దగ్గరే నువ్వింకా ఉన్నావని నాకు తెలుసు. ఢీకొనేది మబ్బులు కాదురా, మబ్బులోని మంచు. సున్నా డిగ్రీలు దిగినా గడ్డకట్టని నీటి తుంపర మధ్య చిరువడగళ్లూ, సన్నటి మంచు పలుకులూ ఒకదానికొకటి తగులుతుంటాయి. సుమారు మైనస్ 10 డిగ్రీల కంటే చలి ఎక్కువున్న చోట వడగళ్లకు రుణావేశం, పలుకులకు ధనావేశం అంటుతాయి. తేలికైన పలుకుల్ని గాలి పైకి ఎత్తుకుపోతుంది. అంతకంటే వెచ్చగా ఉండే కిందిభాగంలో ఈ లెక్క తిరగబడుతుంది. అంచేత పైన ధనం, నడుమ రుణం, అడుగున ఓ చిన్న వాటాలో మళ్లీ ధనం.

ఇంత చిన్న సంగతి మీద ఏళ్ల తరబడి తగువు నడిచిందంటే నమ్ముతావా? సిమ్లాలో మన వాతావరణ శాఖలో పనిచేసిన సింప్సన్ వాన నీటి ఆవేశం కొలిచి, ఎక్కువగా ధనమే కనబడేసరికి, మబ్బు అడుగున ఉన్నది ధనమే అన్నాడు. బ్రిటన్‌లో విల్సన్ అనే శాస్త్రవేత్త మాత్రం అలా కాదు, పైన ధనం, కింద రుణం అన్నాడు. చివరికి సింప్సనే తోటి పరిశోధకుడు స్క్రేస్‌తో కలిసి లండన్ దగ్గరి క్యూ వేధశాలలో మబ్బుల్లోకి బెలూన్లు పంపి, 1937లో ఫలితం అచ్చువేశాడు: పైరెండూ విల్సన్ చెప్పినట్టే, అడుగున మాత్రం తన ధనం కాస్త. తన మాటను తనే పరీక్షకు పెట్టుకున్న మనిషి! నువ్వు పేకాటలో లెక్క తప్పినా ఒప్పుకోవు.

ఇందాక చెప్పినట్టు, పనంతా మంచుది. మన ఉష్ణమండలంలో సున్నా డిగ్రీలు దొరకాలంటే సుమారు 5 కిలోమీటర్లు ఎక్కాలి. శ్రావణంలో రోజల్లా ముసురు పట్టినా పెద్దగా ఉరమదు, వైశాఖంలో సాయంత్రం గంటసేపు కురిసినా ఇల్లదురుతుంది, ఎందుకనుకున్నావు? ముసురు మబ్బులో నీటిని అంత ఎత్తుకు తోసే గాలి జోరు ఉండదు. ఎండకాలపు మబ్బుకి ఆ జోరే బలం.

"అంతెత్తున ఎవడు కొలిచాడోయ్" అంటావు. ఊటీలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) వాళ్ల గ్రేప్స్-3 అనే ప్రయోగశాల ఉంది. విశ్వకిరణాలు గాలిని గుద్దుకుంటే పుట్టే మ్యువాన్లనే కణాలను అక్కడ లెక్కపెడతారు. 2014 డిసెంబరు 1న ఓ ఉరుముల మబ్బు నెత్తిమీదికి రాగానే ఆ లెక్క 2 శాతం దాకా తగ్గింది. దాన్నిబట్టి మబ్బులో 130 కోట్ల వోల్టులున్నాయని 2019లో ప్రకటించారు. అంతటి వోల్టులుంటాయని విల్సన్ 1929లోనే అన్నాడు. బెలూను తను పోయిన దారినే కొలుస్తుంది, మ్యువాన్లు మబ్బంతా దాటి వస్తాయి.

ఇక నీ అసలు ప్రశ్న: మెరుపును రాజేసే తొలి నిప్పురవ్వ ఎలా పుడుతుంది? మబ్బుల్లో కొలిచిన విద్యుత్ క్షేత్రం గాలిని చీల్చడానికి చాలదు, అయినా మెరుస్తుంది. శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. గెలిచాననుకోకు.

సెలవు పెడితే వైశాఖంలో పెట్టు, శ్రావణంలో వద్దు.

నీ
రామం