నీళ్ళు పోయలేదా?

ఈ మార్చిలో నేను కాలేజీ నుంచి రిటైరైన రోజు మా డిపార్టుమెంటు వాళ్ళు ఒక హైడ్రాంజియా కుండీ ఇచ్చారు. మూడే పూగుత్తులు, గులాబీరంగువి, ఒక్కోటి పసిపిల్ల తలంత. "హాల్లో టీవీ పక్కన పెడదాం, వచ్చినవాళ్ళకి కన్పిస్తుంది" అన్నాడు మా ఆయన. అక్కడే పెట్టాం. పైన ఏసీ, కిటికీకి ఎప్పుడూ పరదా. వారం తిరక్కుండానే ఆకులు తడిగుడ్డల్లా వేలాడిపోయాయి.

ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "నీళ్ళు పోయలేదా?" అని అడిగారు. అదీ నన్నే. ఆయనా ఆ ఇంట్లోనే ఉంటాడు, ఆయన్నెవరూ అడగలేదు. ఆ ప్రశ్న పడలేక పొద్దునా సాయంత్రం పోస్తూనే ఉన్నాను. పోసిన నీళ్ళు నిమిషంలో కింది పళ్ళెంలోకి వచ్చేసేవి. నా తప్పేం లేదనుకున్నాను, పళ్ళెం నిండా సాక్ష్యం ఉందిగా!

చివరికి కుండీ ఎత్తుకుని మా వీధి చివర నర్సరీకి వెళ్ళాను. అక్కడ పనిచేసే ఆవిడ దాన్ని చేత్తో లేపి చూసి, "ఇంత అల్కగ ఉందేందమ్మా, లోపలంత ఎండిపోయింది" అంది. కొబ్బరిపొట్టు కలిపిన మట్టి బాగా ఎండితే ముడుచుకుని కుండీ అంచుల్ని వదిలేస్తుందట. పోసిన నీళ్ళు ఆ సందులోంచే జారిపోతాయి, వేర్లకి చేరవు. ఆవిడ కుండీని బకెట్ నీళ్ళలో ముంచింది. చాలాసేపు బుడగలొచ్చాయి. అవి ఆగాక పైకి తీసి, నీళ్ళు ఓడనిచ్చి, "మట్టి తడిగుండి కూడ ఆకులు వాల్తే మాత్రం ముంచకు, అప్పుడు వేర్లు కుళ్ళినట్టు" అని చెప్పింది. తర్వాత కత్తెర తీసి మూడు పూగుత్తుల్నీ కత్తిరించేసింది. నా ప్రాణం ఉసూరుమంది. "పూలను సాకనీకి దీనికి ఇప్పుడు బలం లేదమ్మా. పొద్దటి ఎండ తగిలేకాడ పెట్టు, ఏసీ కాడ వద్దు."

తూర్పు బాల్కనీలో పెట్టాను. మర్నాటికి ఆకులు లేచాయి.

వాటిని చూస్తుంటే, రెండేళ్ళ క్రితం మా అమ్మాయి పెట్టె సర్దుకుని మా ఇంటికొచ్చినప్పుడు నేనన్న మొదటి మాట గుర్తొచ్చింది. "నువ్వే కాస్త సర్దుకోలేకపోయావా?" ముప్ఫయ్యేళ్ళు ఆడపిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, స్త్రీల సాహిత్యం మీద సెమినార్లలో పేపర్లు చదివినదాన్ని, ఆ మాటే అన్నాను. నాలుగోరోజు నేనే బస్సెక్కించాను. తర్వాత రోజూ ఫోన్లో ధైర్యం చెప్పాను, ఓపిక చెప్పాను. అన్నీ పళ్ళెంలోకి పోయిన నీళ్ళే. అది ఎలాంటి చోట ఉందో ఒక్కసారీ అడగలేదు. ఏడాది తర్వాత తనంతట తనే ఆ ఇంట్లోంచి బైటికొచ్చి వైజాగ్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. నాతో ముక్తసరిగా మాట్లాడుతుంది.

ఈ మొక్క గురించి చదువుతుంటే ఇంకో తల్లీకూతుళ్ళు కన్పించారు. నాగసాకిలో ఉన్న జర్మన్ వైద్యుడు సీబోల్డ్ ఒక హైడ్రాంజియాకి 'ఒటక్సా' అని పేరు పెట్టాడు. అది ఆయనతో కలిసి బతికిన జపాను స్త్రీ కుసుమోతో తాకి పేరేనని, ఆమెని పిలిచే 'ఒతాకి సాన్' నుంచి వచ్చిందని వృక్షశాస్త్రజ్ఞుడు మకినో తర్వాత చెప్పాడు. 1829లో సీబోల్డ్‌ని జపాను నుంచి బహిష్కరించారు. తాకి, రెండేళ్ళ కూతురు ఇనె అక్కడే ఉండిపోయారు. ఆ పిల్ల పెరిగి పాశ్చాత్య వైద్యం నేర్చుకుని, 1870లో టోక్యోలో ప్రసూతి వైద్యం మొదలుపెట్టింది. పువ్వుకి తల్లి పేరు దొరకటం కంటే కూతురికి తన చోటు దొరకటమే నాకు గొప్పగా అన్పించింది.

నిన్న అమ్మాయికి ఫోన్ చేసి, "ఆ రోజు నిన్ను బస్సెక్కించటం నా తప్పు" అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "రిటైర్మెంట్ ఫోటోలో ఉన్న ఆ మొక్క ఎలా ఉంది?" అని అడిగింది.

"పూల్లేవు. రెండు చిగుళ్ళొచ్చాయి" అన్నాను.