పాత వాల్వు ఆంప్లిఫయరును కొనుట

పట్టుచీర కొనునపుడు మనము మొదట చెంగును తిరగవేసి చూతుము. ఇత్తడి బిందెను వేలితో కొట్టి నాదము విందుము. చింతపండు ముద్దను చీల్చి లోపలి గింజలను, ఈనెలను పరికింతుము. ఈ పరీక్షలను మనకు ఏ బడిలోను నేర్పలేదు. తల్లుల వెంట అంగడికి పోయి నేర్చుకొంటిమి. అట్టి మనమే, విద్యుద్యంత్ర మేదైన నింటికి వచ్చునపుడు అది పురుషుల వ్యవహారమని ప్రక్కకు తొలగుదుము. ఈ యలవాటు తగదని మాకు తోచినది. ఏల తోచినదో సోదరీమణులకు విన్నవించెదము.

మేము అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ అను ఊర కాపురమున్నాము. మా పెద్దబ్బాయి మూడేండ్లుగా బాస్ గిటారు నేర్చుచున్నాడు. అది మంద్రస్థాయిని పలుకు నాలుగు తంత్రుల వాద్యము. తంత్రిని మీటినంత మాత్రమున చాలినంత ధ్వని పుట్టదు. ఆంప్లిఫయరు అను ధ్వనివర్ధకము ఉండి తీరవలయును. క్రొత్తవి అంగళ్లలో కావలసినన్ని కలవు. కాని మావాని మనసు 1960 దశకము నాటి వాల్వుల యంత్రముపై నిలిచినది. రెండు వేసవులు పనిచేసి వాడు కూడబెట్టిన సొమ్ము కొంత, తక్కువపడినది మాది. ఎవరిదైనను కష్టార్జితమే గదా!

వాల్వులనగా మన తాతల నాటి రేడియో పెట్టె వెనుక ఎఱ్ఱగా వెలుగుచుండిన గాజు బుడ్లే. మీట త్రిప్పిన తోడనే ఆ రేడియో పలుకక, వేడెక్కిన పిదపనే పలికెడిదని పెద్దలు చెప్పగా వినియుందురు. గాలి తీసిన బుడ్డిలో వేడెక్కిన లోహమునుండి విద్యుత్కణములు వెలువడును. వాని దారిలో సన్నని తీగెల జాలి యొకటి యుండును. గిటారు నుండి వచ్చిన చిన్న విద్యుత్తు ఆ జాలిపై ఎట్లాడునో, పెద్ద ప్రవాహమును అట్లే ఆడును. వేడి తంతువు నుండి శూన్యమున విద్యుత్తు పారుటను థామస్ ఎడిసన్ 1880లో గమనించెను. ఆయన ప్రయోగశాల యుండిన మెన్లో పార్కు నేడు మా యూరిలోని భాగమే. వాల్వును శక్తికి మించి నడిపినచో స్వరము ఒక్కసారిగా చిట్లక, మెల్లగా బొంగురుపడి నిండుగా వినబడును. గిటారు వాద్యకారులలో పలువురు కోరునది ఆ బొంగురునే.

ఇట్టి యంత్రములలో ప్రసిద్ధికెక్కినవి కాలిఫోర్నియాలోని ఫుల్లర్‌టన్ పట్టణమున లియో ఫెండర్ చేయించినవి. ఆయన 1951లో బాస్ గిటారును, 1952లో దానికి తోడుగా బాస్‌మన్ అను ఆంప్లిఫయరును వెలువరించెను. చిత్రమేమనగా, బాస్ వాద్యమునకై పుట్టిన యా యంత్రమును గిటారువారు తమదిగా చేసికొనిరి. లండనులో జిమ్ మార్షల్ 1962లో తన తొలి ఆంప్లిఫయరును దాని నమూనాపైననే చేయించెను. మాకు సమీపమున లిండెన్ అను పట్టణమున 1960 దశకములో ఆంపెగ్ సంస్థవారు బాస్ వాద్యమునకై చేసిన యంత్రములకును నేడు మంచి గిరాకి కలదు.

ఫెండర్ యంత్రముల వెల వాని పుట్టిన యేటిని బట్టి మారును. 1965లో ఆ సంస్థ సి.బి.ఎస్. అను పెద్ద కంపెనీ చేతిలోనికి పోయినది. అంతకు ముందు చేసినవానిని కొనువారు ఎక్కువగా ఆదరింతురు. 1963 ప్రాంతము నుండి 1967 వరకు వాని ముందు ఫలకము నల్లనిది. 1968 నుండి వెండివన్నెది. నాలుగేండ్ల తేడాకు వందలకొలది డాలరులు తేడా వచ్చును. కావున నల్ల ఫలకమునకు ఆశపడువారును, ఆశపెట్టువారును గలరు.

పొరుగూరి వర్తకు డొకడు 1964 నాటి బాస్‌మన్ తనవద్ద నున్నదని చెప్పగా మేము చూడబోయితిమి. మరమ్మతులలో చేయి తిరిగిన పెద్దమనిషి నొకరిని వెంటబెట్టుకొని పోయితిమి. వర్తకుడు 1400 డాలరులు చెప్పెను. ఆతని మాటలన్నియు మా వారితోనే. నల్ల ఫలకమును, దానిపై నున్న పూర్వపు కంపెనీ పేరును వ్రేలితో చూపి, "ఇంతకన్న సాక్ష్యమేమి కావలయును?" అనెను. మా వారు నవ్వి, "బేరములు మా యింట ఆవిడవి. ఆమెకు చూపుడు" అనిరి.

మేము లోపల చూడవలెనని కోరితిమి. ఫెండర్ పెట్టె లోపలి గోడకు, ఏ వాల్వు ఎక్కడ నుండవలెనో తెలుపు కాగితమొకటి అంటించియుండును. 1950, 60 దశకములలో ఆ కాగితముపై రెండు ఇంగ్లీషు అక్షరముల ముద్ర వేయుచుండిరి. మొదటిది సంవత్సరము, రెండవది నెల. 'ఏ' అనగా 1951. ఆ వరుసనే లెక్కించిన 'ఎన్' 1964 అగును. 'ఎన్ సి' యని యున్నచో 1964 మార్చి. ఈ పెట్టెలో ఆ కాగితము లేదు. జిగురు మరక మాత్రమే మిగిలినది.

అంతట పెద్దమనిషి యంత్రమును బయటికి తీసి, నిలువయున్న విద్యుత్తును జాగ్రత్తగా హరింపజేసి, మాకు దీపము పట్టెను. ధ్వనిని హెచ్చించి తగ్గించు మీటల వెనుక అంకెలు ముద్రింపబడియుండును. మొదటి మూడంకెలు చేసిన సంస్థవి, పిదపవి యేడు, కడపటి రెండును ఆ యేటిలో ఎన్నవ వారమో చెప్పును. మేము చదివినది 137 6809. 137 అనగా సి.టి.ఎస్. అను సంస్థ, తక్కినది 1968, తొమ్మిదవ వారము. ట్రాన్స్‌ఫార్మరుపై 606-8-14 అని యున్నది. 606 షూమాకర్ సంస్థ సంఖ్య. అచట యేటికి 8 అను ఒక్క యంకెయే యుండుటచే అది 1958 కావచ్చును, 1968 కావచ్చును. మీటల అంకెలతో కలిపి చదివిన గాని తేలదు. ఒక్క భాగము మార్చబడినదని యెవరైన అనవచ్చును. కాని మీటలన్నియు అదే యేటివి. టంకము ఎక్కడను కదలలేదు. 1968లో పుట్టిన భాగములతో 1964లో యంత్ర మెట్లు తయారగును? ముందు ఫలకమన్ననో, మీటల మరలు విప్పినచో ఊడివచ్చునట్టిది. మార్చుట సులభము.

వాల్వులను బట్టి యేటిని నిర్ణయింపరాదు. అవి అరిగిపోవునవి, దీపపు వత్తుల వలె మార్చుకొనునవి. మరియు, 1990 దశకము నుండి ఫెండర్ వారే పాతవాని పోలికతో క్రొత్తవి చేయుచున్నారు. వానిలో పెక్కింటిలో అచ్చు పలకలుండును; పాతవానిలో చేతితో టంకము పెట్టిన తీగెలుండును. మూత తీసిన పిదప ఈ భేదము మన కంటికే తెలియును.

వర్తకుడు మాటాడలేదు. మావాని ముఖము చిన్నబోయినది. వానిని ఒకమారు వాయించి చూడుమంటిమి. పది నిమిషములు వాయించి, "అమ్మా, నాకు కావలసినది ఈ పలుకే. ఏడాది యేదైన నేమి?" అనెను. వస్తువు చెడ్డది కాదు. దానిపై చెప్పిన మాట చెడ్డది. 1968 నాటి వెల యిచ్చెదమని చెప్పి 800 డాలరులకు కొంటిమి.

తెచ్చిన వెంటనే వాయింపనీయలేదు. ఇది సోదరీమణులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి. పాత అమెరికా యంత్రములు పెక్కింటిలో కరెంటు తీగెకును లోహపు చట్రమునకును నడుమ ఒక కెపాసిటరుండును. అది చెడినచో చట్రమునకు, దానినుండి గిటారు తంత్రులకు కరెంటు ప్రాకును. తంత్రులపై చేయి యుంచి మైకునకు పెదవి తగిలించిన పిల్లవాని గతి యేమి? మరమ్మతుదారుచే దానిని తీసివేయించి, నేలకు కలియు మూడు ముళ్ల తీగెను వేయింపవలయును. ఏండ్లు గడచి ఎండిపోయిన పెద్ద కెపాసిటర్లనుకూడ మార్పింపవలయును. వానిలో 400 వోల్టులకు పైబడిన విద్యుత్తు తీగె ఊడదీసిన పిదపను నిలిచియుండవచ్చును; కావున మన మెన్నడు లోపల చేయి పెట్టరాదు. స్పీకరు తగిలింపక వాల్వు యంత్రమును నడుపరాదు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవును. అమెరికా యంత్రము 120 వోల్టులకు చేసినది. స్వదేశమునకు తీసికొనిపోయి 230 వోల్టుల గోడకు నేరుగా తగిలించినచో అది బూడిదయే. వోల్టులను తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు నడుమ నుండవలయును. ఈ ఖర్చులన్నియు బేరమాడుటకు ముందే లెక్కలో వేసికొనవలయును.

ఇపుడా యంత్రము మా యింటి క్రింది గదిలో నున్నది. పూర్వపు కాగితము చించివేసిన చోట అబ్బాయి క్రొత్త కాగితమొకటి అంటించెను. మీటల అంకెలు, ట్రాన్స్‌ఫార్మరు అంకెలు, మార్పించిన భాగములు, నల్ల ఫలకము తరువాత తగిలించినదను మాట, మేము ఇచ్చిన వెల, అన్నియు అందులో వ్రాయించితిమి. ఎన్నడైన దీనిని మా చేతినుండి కొను తల్లికి కథలు వినవలసిన పని యుండదు.